ప్రాజెక్టు డైరీ: రొయ్యల గుంట దాకా డబ్బా యాంటెన్నా

జనవరి 19

కార్తీకంలో ఒక రాత్రి కరెంటు పోయింది. చిన్నాయన గుంటల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి. కాపలా మనిషి తెల్లవారుజామున లేచి చూసేసరికి రొయ్యలు పైకి తేలి గట్టు వెంబడి చేరాయి. పగలంతా నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడితే ఇవ్వడం ఆపి తనే వాడుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ గంటల్లోనే ఏరేటర్లు లేవు. ఆ రోజు చిన్నాయన అన్నం తినలేదు.

మా ఊరు విడవలూరు మండలంలో సముద్రం వైపు. ఇంటి నుంచి గుంటల దగ్గరి షెడ్డుకు 1.2 కిలోమీటరు. అక్కడ ఫోన్ సిగ్నల్ ఒక గీత ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఇంట్లో మాత్రం ఫైబర్ కనెక్షన్ ఉంది. ఇంటి వైఫైని షెడ్డు దాకా తీసుకెళితే ఒక కెమెరా పెట్టొచ్చు, కరెంటు పోయిన నిమిషంలో ఫోన్ మోగేలా ఒక చిన్న సర్క్యూటూ పెట్టొచ్చు. గుంటల్లో కొత్త రొయ్య పిల్ల పోసేది ఫిబ్రవరి చివర్లో. అంటే నాకు ఐదు వారాలు.

నేను నెల్లూరులో డిప్లొమా పిల్లలకు మైక్రోవేవ్ పాఠం చెబుతాను. సిగ్నల్‌ను ఒకే దిక్కుకు పంపే యాంటెన్నా బజారులో దొరుకుతుంది, కానీ సొంతంగా చేయాలని చాన్నాళ్లుగా ఆశ. ఒక మూత తీసిన రేకు డబ్బా, దాని పక్కన బెజ్జంలో కనెక్టరు, లోపల బెత్తెడు కూడా లేని రాగి తీగ. ఇంతే సరంజామా. డబ్బా ఇక్కడ గుండ్రటి వేవ్‌గైడ్, అంటే తరంగాన్ని లోపల నడిపించే గొట్టం; మూసిన అడుగు వెనక గోడ, తెరిచిన నోరు తరంగం బయటికొచ్చే దారి.

జనవరి 26

సెలవు కాబట్టి పొద్దున్నుంచి ఇదే పని. చిన్నాయన కొడుకు, ఇంటర్ చదివే మా తమ్ముడు నాకు తోడు.

వంటింట్లో ఖాళీ అయిన చిన్న డబ్బా ఒకటి కనిపించింది. చేతిలో ఒదిగింది, రేకు గట్టిగా ఉంది, తీసుకున్నాం. రాగి తీగ మోటారు వైండింగ్ షాపులో అడిగితే 14 గేజిది మూర ఇచ్చారు. రెండు మిల్లీమీటర్ల మందం, మా పనికి సరిపోతుంది. దాని మీద ఎనామిల్ పూత ఉంటుంది. అది పూర్తిగా పోకపోతే సీసం అంటదు. బ్లేడుతో చుట్టూ గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, ఎర్రగా మెరిసిందాకా ఆగలేదు.

వైఫై ఆరో ఛానల్ 2.437 గిగాహెర్ట్జ్. గాలిలో దాని తరంగదైర్ఘ్యం 123 మి.మీ. తీగ అందులో నాలుగో వంతు, అంటే 31 మి.మీ. అడుగు నుంచి బెజ్జం కూడా 31 దగ్గరే వేశాం. కనెక్టరు బిగించి, టంకం వేసి, రూటర్‌కు తగిలించాం.

పరీక్షకు మిద్దె మీద ఒక మూల రూటరు, 30 మీటర్ల అవతల పక్కింటి మిద్దె పిట్టగోడ మీద ఫోన్. రెండు చోట్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాం, ప్రతిసారీ అదే చోటు ఉండాలని. రూటర్‌తో వచ్చిన మామూలు కడ్డీ యాంటెన్నాకు ఫోన్‌లో మైనస్ 52 డీబీఎం చూపించింది. సిగ్నల్ బలానికి అది కొలత. సున్నాకు ఎంత దగ్గరుంటే అంత బలం.

డబ్బా పెట్టాక మైనస్ 69.

పెరగాల్సింది పదిహేడు డీబీ పడిపోయింది. పదిహేడు డీబీ అంటే యాభయ్యో వంతు. టంకం విప్పి మళ్లీ వేశాం. తీగ మార్చాం. కేబుల్ మార్చాం. అదే 69. తమ్ముడు విసుగొచ్చి డబ్బాలోంచి కనెక్టరు తీసి, తీగను ఉత్తగా గాల్లో పట్టుకున్నాడు. మైనస్ 54. అంటే తీగా బాగుంది, కేబులూ బాగుంది. డబ్బాయే మింగేస్తోంది.

చిన్నాయన మెట్లెక్కి వచ్చి చూశాడు. "ఏంది పాపా, డబ్బాలో పెడితే తగ్గేదేంది? మూత తీసే ఉంది గదా!" అన్నాడు.

నిజంగా అదే ప్రశ్న. నోరు తెరిచే ఉంది.

జనవరి 26, రాత్రి

వెర్నియర్ కాలిపర్‌తో డబ్బా లోపలి వ్యాసం కొలిచాను. 65 మి.మీ. ఈ కొలత పొద్దున్నే తీయాల్సింది.

గుండ్రటి గొట్టంలో అన్నిటికంటే తేలిగ్గా నడిచే తరంగ రూపం టీఈ-11. దాని కటాఫ్ తరంగదైర్ఘ్యం వ్యాసానికి 1.706 రెట్లు. 65ని 1.706తో గుణిస్తే 111 మి.మీ. వస్తుంది. దానికంటే పొడవైన తరంగం ఆ గొట్టంలో నడవదు. మాది 123.

ఆరేళ్లుగా బోర్డు మీద రాస్తున్న సూత్రం ఇది. ఈ డబ్బా ముందు కూర్చుంటే దాన్ని ఇంకోలా చెప్పాలనిపించింది. లోహపు గోడను తాకేచోట, గోడ వెంబడి ఉండే విద్యుత్ క్షేత్రం సున్నా కావాలి. అందుకని తరంగం గొట్టంలో తిన్నగా పోలేదు, ఈ గోడకూ ఆ గోడకూ తగులుతూ వంకరటింకరగా ముందుకు పోతుంది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఆ నడక అడ్డంగా తిరుగుతుంది. కటాఫ్ దగ్గర పూర్తిగా అడ్డమై, రెండు గోడల మధ్య ఒకేచోట ఊగుతుంది. పాటూరు మగ్గం మీద నాడె అటూ ఇటూ పోతూనే ఉంటుంది, నేసిన గుడ్డ మాత్రం ముందుకు జరుగుతుంది. కటాఫ్ దగ్గర నాడె ఆడుతుంది, గుడ్డ జరగదు.

కటాఫ్ దాటి ఇంకా పొడవైతే ఆ ఊగడం కూడా మిగలదు. క్షేత్రం తీగ దగ్గర నుంచి నోటి వైపు పోయేకొద్దీ సన్నగిల్లి ఆరిపోతుంది. ఎంత వేగంగా అన్నది కూడా లెక్కకు అందుతుంది. మా 65 డబ్బాకు మిల్లీమీటరుకు 0.21 డీబీ. తీగ నుంచి నోటి దాకా 70 మి.మీ., అంటే దాదాపు 15 డీబీ. ఉత్త తీగకు 54, డబ్బాలో 69. తేడా సరిగ్గా పదిహేను.

మిద్దె మీద ఫోన్‌తో కొలిచిన లెక్కకు ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది, నాకు తెలుసు. అయినా కాగితం మీద ఆ 15 చూసినప్పుడు ఒళ్లు జలదరించింది.

మా ల్యాబులో పిల్లలు ఇది ఎప్పుడూ చూడరు. అక్కడి ఇత్తడి వేవ్‌గైడ్ లోపల 22.86 మి.మీ. వెడల్పు, 10.16 మి.మీ. ఎత్తు. దీర్ఘచతురస్రానికి లెక్క సులువు, కటాఫ్ తరంగదైర్ఘ్యం వెడల్పుకు రెట్టింపు, 45.72 మి.మీ. అంటే 6.557 గిగాహెర్ట్జ్. మైక్రోవేవ్‌లు పుట్టించే మా గన్ ఆసిలేటరు పనిచేసేది తొమ్మిది, పది గిగాహెర్ట్జ్ దగ్గర. కాబట్టి తరంగం ఎప్పుడూ నడుస్తుంది. నడవని రోజు ఎలా ఉంటుందో ఆ బెంచీ మీద కనపడదు. నేను కూడా ఇవాళే చూశాను.

ఒక మాట ఇక్కడ రాసిపెట్టుకోవాలి. బోలు గొట్టంలో తరంగాలు నడుస్తాయని, వాటికి ఒక హద్దు ఉంటుందని లార్డ్ రేలీ లెక్కగట్టింది 1897లో. అదే కాలంలో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ మిల్లీమీటర్లలో కొలిచే తరంగాలతో గొట్టాలూ బూరలాంటి హారన్ యాంటెన్నాలూ వాడి చూపించాడు. తరంగం అంత పొట్టిది కాబట్టి ఆయనకు చిన్న గొట్టం సరిపోయింది. ఆ తర్వాత రేడియో పొడవు తరంగాల వైపు వెళ్లిపోయింది. ఒక మీటరు తరంగాన్ని గుండ్రటి గొట్టంలో పంపాలంటే 59 సెంటీమీటర్ల వ్యాసం కావాలి, అది బావి వరలాంటిది. ఎవరు చేస్తారు? 1936లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో సౌత్‌వర్త్, ఎంఐటీలో బారో విడివిడిగా మళ్లీ బయటపెట్టేదాకా ఈ విషయం పక్కనే పడి ఉంది. సౌత్‌వర్త్ మొదట్లో గొట్టాలను నీళ్లతో నింపి ప్రయోగాలు చేశాడు. నీళ్లలో తరంగదైర్ఘ్యం దాదాపు తొమ్మిదో వంతుకు తగ్గుతుంది, చిన్న గొట్టంలోనూ పడుతుంది. ఎంత చక్కటి ఉపాయం!

ఫిబ్రవరి 2

ఇవాళంతా డబ్బాల వేట. సూత్రాన్ని తిప్పి రాసుకుంటే ఎంత వ్యాసం కావాలో వస్తుంది. ఒకటో ఛానల్ 2.412 గిగాహెర్ట్జ్, తరంగం 124.3 మి.మీ. అది కూడా నడవాలంటే వ్యాసం 73కు పైన ఉండాలి. మరీ పెద్దదైతే ఇంకో ఇబ్బంది. టీఎం-01 అనే రెండో రూపం కూడా నడవడం మొదలుపెడుతుంది. దాని కటాఫ్ తరంగదైర్ఘ్యం వ్యాసానికి 1.306 రెట్లు. అది రాకుండా ఉండాలంటే వ్యాసం 93 లోపు ఉండాలి. అంటే 73కూ 93కూ మధ్య.

కోవూరు మీదుగా పెన్న దాటి నెల్లూరు వెళ్లి, వెర్నియర్ సంచిలో పెట్టుకుని రెండు బేకరీలు, ఒక పాత సామాన్ల కొట్టు తిరిగాను. కొట్టాయన నేను ఒక్కో డబ్బా నోట్లో వెర్నియర్ పెట్టి చూస్తుంటే ఏమీ అనకుండా గోనెసంచి మొత్తం కుమ్మరించి ఇచ్చాడు. దొరికిన వ్యాసాలు మూడు రకాలు: 73, 83, 99. డబ్బాల తయారీకి కొలతలు నియమంగా ఉంటాయి, మధ్యలోవి దొరకవు.

73 డబ్బా గురించి కొంచెం రాయాలి. హద్దు మీద ఉంది కాబట్టి పనికొస్తుందేమో అనిపిస్తుంది. కానీ గొట్టం లోపల తరంగదైర్ఘ్యం బయట ఉన్నట్టు ఉండదు, ఎప్పుడూ ఎక్కువే. గాలిలోని తరంగదైర్ఘ్యాన్ని వర్గం చేసి ఒకటిని దానితో భాగించు, అందులోంచి కటాఫ్ తరంగదైర్ఘ్యానికి అలాగే చేసినది తీసెయ్, మిగిలింది లోపలి తరంగదైర్ఘ్యపు వర్గానికి విలోమం. హద్దుకు దగ్గరయ్యేకొద్దీ ఆ మిగిలేది సున్నా వైపు పోతుంది, లోపలి తరంగం సాగిపోతుంది. 73 డబ్బాలో పదకొండో ఛానల్‌కు అది 58 సెంటీమీటర్లు. ఒకటో ఛానల్‌కు దాదాపు రెండు మీటర్లు! ఛానల్ మారితే చాలు, తీగ ఉండాల్సిన చోటు ఒక డబ్బా పొడవును దాటి ఎక్కడికో పోతుంది. రేకుకు ఒక సొట్ట పడితే తరంగం నడవడమే ఆగిపోవచ్చు. పక్కన పెట్టేశాను.

99 డబ్బా చేసి చూశాం. లోపలి తరంగం 180 మి.మీ., అడుగు నుంచి 45 దగ్గర తీగ. మిద్దె మీద మైనస్ 49. కడ్డీ యాంటెన్నా కంటే మేలే. కానీ డబ్బాను కొంచెం పక్కకు తిప్పితే సిగ్నల్ తగ్గాల్సింది పోయి ఒకచోట పెరిగింది, ఇంకాస్త తిప్పితే పడిపోయింది. టీఎం-01కు ఈ డబ్బాలో కటాఫ్ 129, మా 123 లోపలికొచ్చేస్తుంది. ఆ రూపానికి సరిగ్గా ఎదురుగా బలం ఉండదు, చుట్టూ ఉంగరంలా పోతుంది. రెండూ కలిసి గురి చెడగొడుతున్నాయని నా అనుమానం. చూపుడు వేలిలా ఒకవైపు చూపించే యాంటెన్నా కావాలి నాకు. ఇది కూడా వద్దు.

ఫిబ్రవరి 9

83 డబ్బాలు నాలుగు తెచ్చాను. కటాఫ్ 141.6 మి.మీ., మా 123 హాయిగా లోపల పడుతుంది. టీఎం-01 హద్దు 108, అది రాదు. లోపలి తరంగం 248 మి.మీ., గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. తీగ ఉండాల్సింది అడుగు నుంచి దాని నాలుగో వంతు, 62 మి.మీ. దగ్గర.

నేను కాలేజీ పేపర్లు దిద్దుతుంటే తమ్ముడు ఒక డబ్బాకు బెజ్జం వేసి తెచ్చాడు. మొదటి డబ్బాకు కత్తిరించుకున్న కాగితపు కొలతే పెట్టి, 31 దగ్గర. వాడి ముఖం చిన్నబోయింది. నేను మాత్రం సంతోషించాను, పోల్చి చూడటానికి దొరికింది. ఇంకో డబ్బాకు 62 దగ్గర వేశాం.

31 దగ్గర తీగతో మైనస్ 48. 62 దగ్గర మైనస్ 44.

కారణం వాడికి కాగితం మీద గీసి చూపించాను. తీగ నుంచి వెనక్కి పోయిన తరంగం అడుగుకు తగిలి తిరగబడి వస్తుంది. లోపలి తరంగంలో నాలుగో వంతు దూరమైతే, ముందుకు పోయేదానితో అడుగులో అడుగు వేస్తూ కలుస్తుంది. 31 అంటే ఎనిమిదో వంతే, పూర్తిగా కలవదు. వాడు అడిగాడు: "అక్కా, గాలిలో 123 అయినప్పుడు డబ్బాలోకి పోతే 248 ఎట్టా అవుతుంది?" వంకరగా నడిచే తరంగాన్ని గొట్టం వెంబడి కొలిస్తే శిఖరానికీ శిఖరానికీ దూరం ఎక్కువ కనపడుతుంది. ఒడ్డుకు ఏటవాలుగా వచ్చే అలను ఇసుక మీద నిలబడి చూసినా అంతే. మైపాడు బీచ్‌లో వాడు చూసిందే. ఆ మాటతో వాడికి అందింది.

డబ్బా పొడవు 113 మి.మీ., కానీ లోపలి తరంగంలో ముప్పాతిక, అంటే కనీసం 186 ఉంటే మంచిది. రెండో డబ్బా అడుగు కోసేసి, అంచుకు అంచు ఆనించి టంకం వేశాం. ఇంటి ఐరన్‌తో రేకు వేడెక్కలేదు, వంద వాట్లది వైండింగ్ షాపులో అడిగి తెచ్చాం. మొదట అక్కడక్కడా చుక్కలు పెట్టి నిలబెట్టి, తర్వాత చుట్టూ ఆపకుండా లాగాలి. ఖాళీ మిగిలితే గోడలో పారే విద్యుత్తుకు దారి తెగుతుంది. అతుకు లోపలి వైపు వేలు పెట్టి తడిమి, గరుకు తగిలినచోటల్లా ఆకురాయితో రాశాను. వేలు తెగింది, పర్లేదు.

ఫిబ్రవరి 15

ల్యాబులో పిల్లలకు స్లాటెడ్ లైన్ ప్రయోగం. గొట్టానికి ఉన్న సన్నటి చీలిక వెంబడి సిగ్నల్ ఎక్కడ తగ్గుతుందో చూసి లోపలి తరంగదైర్ఘ్యం కొలవడం. 9.5 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగం 31.6 మి.మీ., గొట్టంలో 43.6 రావాలి. రెండు కనిష్ఠాల మధ్య దూరం 21.8. ఒక అమ్మాయికి 22 వచ్చింది. ఏటా రికార్డులో రాసే అంకెలే. ఈసారి 65 డబ్బా, 83 డబ్బా పక్కపక్కన పెట్టి ఒక్కొక్కరిని వాళ్ల ఫోన్‌లోనే చూడమన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకబ్బాయి మైక్రోవేవ్ ఓవెన్ తలుపు మీద జల్లెడ రేకు సంగతి అడిగాడు. అదీ ఇదే. ఓవెన్‌లో తరంగం 122 మి.మీ., జల్లెడ బెజ్జం ఒకటి రెండు మిల్లీమీటర్లు. ప్రతి బెజ్జమూ కటాఫ్‌కు చాలా కింద ఉన్న బుల్లి గొట్టం. వెలుతురు తరంగం మైక్రోమీటరులోపే కాబట్టి దూరిపోతుంది, లోపల గిన్నె కనపడుతుంది.

ఫిబ్రవరి 22

రెండు యాంటెన్నాలకు బయట తెల్ల పెయింటు, నోటికి పల్చటి ప్లాస్టిక్ మూత, అడుగువైపు కింద నీరు కారడానికి సూది బెజ్జం. ఉప్పు గాలికి రేకు నిలవదు, అతుకుల దగ్గర రెండు పూతలు వేశాం. కేబుల్ అర మీటరే. ఈ ఫ్రీక్వెన్సీలో సన్న కేబుల్ మీటరుకు దాదాపు ఒక డీబీ తినేస్తుంది, అందుకని రూటర్‌నే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి స్తంభానికి కట్టాం. మన దేశంలో ఈ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదు, కానీ ఒకవైపు గురిపెట్టడం వల్ల పెరిగే బలం, అంటే యాంటెన్నా లాభం, కలుపుకుని 4 వాట్లు దాటకూడదు. మాది ఒక వాటుకూ తక్కువే.

కాగితం లెక్క: 1.2 కిలోమీటరుకు గాలిలో నష్టం 102 డీబీ. రూటరు 20 డీబీఎం, రెండు డబ్బాలూ చెరో ఎనిమిది, కేబుళ్లకు రెండు పోతే మైనస్ 68 రావాలి.

షెడ్డు దగ్గర జీఐ పైపు పాతి, డబ్బా కట్టి ఆన్ చేస్తే మైనస్ 86. కెమెరా బొమ్మ గడ్డకట్టి నిలబడిపోయింది. ఎండ మాడుతోంది, చిన్నాయన గట్టు మీద కూర్చుని ఏమీ అడగడంలేదు. ఆ మౌనానికి నాకు టెన్షన్ ఎక్కువైంది.

సరుగుడు తోట అడ్డమనుకున్నాను. దారి మధ్యలో తరంగానికి చుట్టూ ఆరు మీటర్ల మేర ఖాళీ కావాలి, చెట్ల తలలు అందులోకి వస్తున్నాయి. కానీ పద్దెనిమిది డీబీ చెట్లు ఒక్కటే తినవు. తమ్ముడు పైపు మీద డబ్బాను చూస్తూ, "అక్కా, ఇంటి దగ్గర కనెక్టరు కిందికి ఉంది, ఇక్కడ పక్కకు పెట్టాం" అన్నాడు.

నీళ్లు దిగకుండా ఉంటుందని నేనే పక్కకు తిప్పి కట్టాను. టీఈ-11లో విద్యుత్ క్షేత్రం తీగ ఉన్న దిక్కుకే ఉంటుంది. అక్కడ నిలువు, ఇక్కడ అడ్డం. బోల్టు వదులు చేసి డబ్బాను పావు చుట్టు తిప్పాను. తమ్ముడు ల్యాప్‌టాప్‌లో అంకెలు చదువుతున్నాడు: 84, 79, 75, 72, 71. అక్కడ ఆగింది. కెమెరాలో మా ముగ్గురి బొమ్మ కదిలింది.

మార్చి 4

పిల్ల పోసి వారం. నిన్న రాత్రి 2 గంటల 40 నిమిషాలకు కరెంటు పోయింది. ఫోన్ మోగింది. నేను లేచేసరికి చిన్నాయన బండి అప్పటికే వీధి మలుపు దాటింది. కెమెరాలో చీకటి, తర్వాత టార్చి వెలుగు, ఆ తర్వాత జనరేటరు పొగ. ఏరేటర్ల చక్రాలు తిరగడం కనపడ్డాక పడుకున్నాను.

సిగ్నల్ మైనస్ 71 నుంచి 73 మధ్య ఉంటోంది, తెల్లవారుజామున మంచు పడితే 75. చేయాల్సినవి: షెడ్డు పైపును ఇంకో రెండు మీటర్లు లేపాలి, సరుగుడు ఏటికేడు పెరుగుతుంది. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు డబ్బా లోపల తుప్పు చూడాలి. పక్క గుంటల వాళ్లు వాళ్లకూ చేసిపెట్టమన్నారు. తమ్ముడు వాళ్లను 83 డబ్బాలు దాచిపెట్టమని చెప్పొచ్చాడు, వెర్నియర్ కూడా వాడి దగ్గరే ఉంది.